సరే అంటే సరిపోదు!

తెర మీద కనిపించే తెలుగు మాటను రాసేదెవరు? తప్పుంటే దిద్దేదెవరు?

పోయినేడు మాఘమాసంలో హైదరాబాద్‌లో మా మేనమామ కూతురి పెళ్లి. బళ్లారి నుంచి రాత్రి బస్సుకు అమ్మ తనే ఫోన్‌లో టికెట్ తీసుకుంది. ఆ టికెట్ల వెబ్‌సైట్‌లో భాషల జాబితా ఉంది. అందులో తెలుగు కనిపించగానే ముచ్చటపడి దాన్నే నొక్కింది. అమ్మ బళ్లారిలో పుట్టింది, కన్నడ మీడియంలో చదివింది. తెలుగు చదవడం మాత్రం ఇంట్లో వారపత్రికలు తిరగేసి నేర్చుకుంది. అలాంటి మనిషితో ఫోన్ తెలుగులో మాట్లాడితే అది చిన్న సంగతేం కాదు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు సీటు నెంబరు చూద్దామని టికెట్ తెరిచింది. వేలు ఎక్కడో తగిలింది. తెర మధ్యలో ఓ పెట్టె వచ్చి కూర్చుంది. 'మీ టికెట్‌ను రద్దు చేయాలనుకుంటున్నారా?' అని ప్రశ్న. కింద రెండు బటన్లు. ఒకటి 'రద్దు'. రెండోది 'సరే'. రద్దు నొక్కితే టికెట్ పోతుందని అమ్మ భయపడింది. జాగ్రత్తగా 'సరే' నొక్కింది. టికెట్ పోయింది!

"సరే అంటే, సరేలే వదిలెయ్ అని కదా నాయనా అర్థం?" అంది నా వైపు బిత్తరపోయి చూస్తూ.

అమ్మ తప్పేం లేదు. ఇంగ్లిష్‌లో ఆ మొదటి బటన్ మీద 'క్యాన్సిల్' అని ఉంటుంది. అక్కడ దాని పని టికెట్‌ను రద్దు చేయడం కాదు, ఆ పెట్టెను మూసేయడం. రెండోది 'ఓకే'. అంటే 'అవును, తీసెయ్' అని. నిజానికి ఇంగ్లిష్‌లోనూ అది తికమక పెట్టేదే. దాన్ని తెలుగులోకి మాటకు మాట దించేసరికి రెండు బటన్ల అర్థం తలకిందులైంది. చార్జీలు పట్టుకుని మిగతా డబ్బు తర్వాత వెనక్కిచ్చారు. పెళ్లిళ్ల రోజులాయె, ఇంకో బస్సులో సీటు దొరికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ రాత్రి బస్సెక్కాక అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి, "ఈ తెలుగు నాకొద్దులే, కన్నడమే పెట్టియ్యి" అంది. డబ్బు పోయినదానికన్నా ఈ మాటే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

గడుల్లో మాటలు

ఇంతకీ ఆ 'సరే' రాసిందెవరు? టికెట్ల కంపెనీ లోపలి వ్యవహారం మనకు కనిపించదు. అయితే ఇదే పని తలుపులు తెరిచి అందరి ముందూ జరిగే చోట్లున్నాయి. వాటిలో ఒకటి ట్రాన్స్‌లేట్‌వికీ డాట్ నెట్. ఫిన్లాండ్‌కు చెందిన నిక్లాస్ లాక్స్‌ట్రోమ్ మొదలుపెట్టింది. ఒకప్పటి పేరు బీటావికీ. వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌లోని మాటలు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వెబ్‌సైట్ మాటలు ఇక్కడే రకరకాల భాషల్లోకి మారతాయి. మన పని తెలుసుకుందామని నేనూ అందులో చేరాను. ఇప్పటికీ తీరిక దొరికినప్పుడల్లా ఆ గడుల ముందు కూర్చుంటున్నాను.

గడులు అని ఎందుకంటున్నానంటే, అక్కడ కనిపించేవి అవే. వెబ్‌సైట్ తయారుచేసేవాళ్లు బటన్ మీద నేరుగా మాట రాయరు. ప్రతి మాటకూ ఓ గుర్తు పేరు పెడతారు. ఆ పేరు ఎదురుగా ఇంగ్లిష్ మాట ఓ ఫైల్‌లో ఉంటుంది. అదే పేరు ఎదురుగా తెలుగు మాట ఇంకో ఫైల్‌లో, కన్నడ మాట మరో ఫైల్‌లో. మీరు తెలుగు ఎంచుకోగానే ఆ గుర్తు పేరు చూసి తెలుగు ఫైల్‌లోంచి మాట తెచ్చి బటన్ మీద అతికిస్తుంది. అక్కడ గడి ఖాళీగా ఉంటే ఇంగ్లిష్ మాట వచ్చి కూర్చుంటుంది. తెలుగు పెట్టుకున్నా మధ్యమధ్యలో ఇంగ్లిష్ ముక్కలు కనిపించడానికి కారణం ఇదే. అన్ని భాషలూ ఇంగ్లిష్ మీదే పడాలని రూలేం లేదు. మీడియావికీలో తుళు గడి ఖాళీగా ఉంటే ముందు కన్నడం వైపు చూస్తుంది. మంగళూరు వైపు వాళ్లకు అది మేలే.

చిక్కెక్కడంటే, అనువాదం చేసేవాడికి బటన్ కనబడదు. వరసగా గడులు కనిపిస్తాయి అంతే. ఒక గడిలో 'ఓపెన్' అని ఒంటిమాట ఉంటుంది. తెరువు అని రాయాలా, తెరిచి ఉంది అని రాయాలా? 'హోమ్' అంటే ఇల్లా, మొదటి పేజీనా? 'బుక్' అంటే పుస్తకమా, టికెట్ తీసుకోవడమా? చీకట్లో చెయ్యి పెట్టి పట్టుకున్నట్టే.

అందుకే ట్రాన్స్‌లేట్‌వికీలో ప్రతి మాటకూ వివరణ రాసే ఏర్పాటు చేశారు. ఈ మాట ఎక్కడ కనిపిస్తుంది, నామవాచకమా క్రియా, పక్కన ఏముంటుంది అని. దాన్ని కూడా ఒక భాషలాగే లెక్కగట్టి 'క్యూక్యూక్యూ' అనే కోడ్ ఇచ్చారు. తెలుగుకు 'టీఈ', కన్నడానికి 'కేఎన్' ఉన్నట్టే దానికీ ఓ కోడ్! లోకంలో ఎవరూ మాట్లాడని ఈ భాషే అనువాదకుడికి అన్నిటికన్నా పనికొచ్చేది. మీడియావికీలో 'మూవ్' అనే మాట ఉంది. వివరణ చదవకపోతే కదులు అనో, జరుపు అనో రాసేస్తాం. అక్కడ దాని పని పేజీకి పేరు మార్చడం. తెలుగులో 'తరలించు' అని పెట్టుకున్నారు. 'టాక్' అంటే మాట్లాడు కాదు, 'చర్చ'.

చేరిన కొత్తలో నేనూ తొందరపడ్డాను. ఒక గడిలో 'ఓపెన్' చూసి, వివరణ చదవకుండా 'తెరువు' అని కొట్టి ముందుకు పోయాను. అది ఏదో ఫిర్యాదు ఇంకా తేలలేదని చెప్పే మాట. తెల్లారి చూస్తే ఎవరో నా మాట కొట్టేసి సరిగ్గా రాశారు. సిగ్గేసిన మాట నిజం. ఎవరు ఎప్పుడు ఏ మాట రాశారో, ఎవరు మార్చారో అక్కడ చరిత్రలో పదిలంగా ఉంటుంది మరి. టికెట్ల వెబ్‌సైట్‌లో ఆ 'సరే' రాసినవాణ్ని తిట్టుకోవడం అప్పటి నుంచి తగ్గించాను. పాపం, అతనికి ఆ పెట్టె కనిపించి ఉండదు. 'క్యాన్సిల్' అనే గడి ఒకటి, 'ఓకే' అనే గడి ఒకటి ఇచ్చి ఉంటారు.

బోరింగు పంపు కాదు, రచ్చబండ

మాటకు మాట పెట్టకుండా చోటుకు చోటు పెట్టినప్పుడు ఎలా ఉంటుందో కూడా చూడాలి. ఇంగ్లిష్ వికీపీడియాలో రాసేవాళ్లంతా చేరి కష్టసుఖాలు మాట్లాడుకునే పేజీకి 'విలేజ్ పంప్' అని పేరు. ఊళ్లో నీళ్ల పంపు దగ్గర జనం చేరతారు కదా, ఆ పోలిక. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఆ పేజీ పేరేమిటో తెలుసా? రచ్చబండ! గ్రామ పంపు అని పెట్టి ఉంటే మనకేం అర్థమయ్యేది?

సరిహద్దుల్లో ఉన్నవాళ్లం కాబట్టి పక్కింట్లోకీ తొంగిచూద్దాం. కన్నడ వికీపీడియాలో అది 'అరళి కట్టె', అంటే రావిచెట్టు అరుగు. తమిళంలో 'ఆలమరత్తడి', మర్రిచెట్టు కింద. మరాఠీలో 'చావడి'. చావడి మనకూ తెలిసిన మాటే. హోసూరులో ఉన్న తెలుగువాడికి మర్రిచెట్టూ రచ్చబండా రెండూ తన ఊరివే. సోలాపూర్ మగ్గాల పేటల్లో పెరిగినవాడికి చావడి పరాయి మాట కాదు. ఒక్క ఇంగ్లిష్ మాటకు నాలుగు ఊళ్ల మధ్య జాగాలు దొరికాయి. ఎవరో ఒకరు గడిలో మాట నింపే ముందు, మన దగ్గర జనం ఎక్కడ చేరతారని ఆలోచించడం వల్లే ఇది జరిగింది.

ఇక్కడో పిట్టకథ. 'సెండ్' బటన్‌కు కొన్ని చోట్ల 'పంపు' అని ఉంటుంది. ఒకాయన దాన్ని చూసి, "ఈ పంపు ఏం చేస్తుంది, నీళ్లొస్తాయా?" అన్నాడు. నవ్వులాటకే అన్నా, ఆయన రెండో ప్రశ్న నవ్వులాట కాదు. "నన్ను పట్టుకుని ఏకవచనంలో పంపు అంటుందేం?" నిజానికి ఆ బటన్ మనల్ని ఆజ్ఞాపించడం లేదు. మనం కంప్యూటర్‌కు ఇచ్చే ఆజ్ఞ అది. కంప్యూటర్ మనల్ని అడిగేటప్పుడు మాత్రం 'మీ పేరు రాయండి' అని మర్యాదగా అడగాలి. ఈ తేడా పట్టుకోక చాలా వెబ్‌సైట్లు ఒక బటన్ మీద 'పంపు' అనీ, పక్క బటన్ మీద 'తొలగించండి' అనీ రాసి పెడతాయి. నా మటుకు నాకు బటన్ మీద 'పంపు', 'తొలగించు' అని ఉంటేనే బాగుంటుంది. పెద్దవాళ్లు ఒప్పుకోరు. దీనిమీద తెలుగు అనువాదకుల్లో కూడా ఒకే మాట లేదు.

యానాంకి కాదు.. యానానికి

ఇంగ్లిష్‌ను చూసి వాక్యం అల్లేవాళ్లకు తెలుగు విభక్తి పెట్టే తిప్పలు ఇంకో ఎత్తు. 'ఫలానా ఊరికి స్వాగతం' అని రాయాలనుకోండి. ఊరి పేరు ముందే తెలియదు కాబట్టి అక్కడ '$1' అని ఖాళీ గుర్తు పెడతారు. అసలు పేరు తర్వాత వచ్చి అందులో పడుతుంది. ఇంగ్లిష్‌కు ఏ పేరు వచ్చినా బాధ లేదు. తెలుగులో '$1కి స్వాగతం' అని రాశామా, బళ్లారికి స్వాగతం అని చక్కగా వస్తుంది. సోలాపూర్‌కి, హోసూరుకి అన్నా చెల్లిపోతుంది. బరంపురం వచ్చేసరికి 'బరంపురంకి స్వాగతం' అని పడుతుంది. యానాం అయితే 'యానాంకి'. బరంపురానికి, యానానికి అనాలని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఆ యంత్రానికి తెలియదు.

అనుభవం ఉన్న అనువాదకులు దీనికి ఒడుపు కనిపెట్టారు. పేరు రూపం మారనవసరం లేని మాటలు వెతుక్కుంటారు. 'బరంపురం నుంచి యానాం వరకు' అనండి, ఎక్కడా చెడదు. అంటే '$1 నుంచి $2 వరకు' అని రాసుకుంటే చాలు. లేదా 'చేరాల్సిన ఊరు: $1' అని తప్పుకోవచ్చు. లేదా '$1 పట్టణానికి' అని మధ్యలో ఇంకో మాట వేసి విభక్తిని దాని నెత్తిన పెట్టొచ్చు. ఇది వ్యాకరణం పుస్తకంలో లేని విద్య. అయిదారు ఊళ్ల పేర్లు పెట్టి నోటితో పలికి చూసుకోవడమే దీనికి పరీక్ష. సరిహద్దు ఊళ్ల పేర్లు పెట్టి చూడమని నేను అందరికీ చెబుతుంటాను. విజయవాడ, హైదరాబాద్ పెట్టి చూస్తే తప్పు దొరకదు!

లెక్కల దగ్గర ఇంకో తమాషా. ఇంగ్లిష్‌కు ఏకవచనం, బహువచనం అని రెండు గడులు. అరబిక్‌కు ఆరు. తెలుగుకు యూనికోడ్ వాళ్లు రెండే ఇచ్చారు. 1 అయితే ఒక గడి, మిగతావన్నీ ఇంకో గడి. తమిళానిదీ ఇదే లెక్క. కన్నడంలో మాత్రం సున్నా కూడా ఏకవచనం గడిలోకే పోతుంది. టికెట్లకు, పుస్తకాలకు రెండు గడులు చాలు. మనుషుల దగ్గరికి వస్తే కథ మారిపోతుంది. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు అంటాం. ఆ పైన ఎక్కడో 'మంది' మొదలవుతుంది. '1 మంది చూశారు', '2 మంది చూశారు' అని తెర మీద చూసినప్పుడల్లా పంటి కింద రాయి తగిలినట్టే ఉంటుంది. కన్నడంలో ఇబ్బరు, మూవరు అంటారు, తమిళంలో ఇరువర్, మూవర్ అంటారు. ఇది దక్షిణాది ఇళ్లన్నిటికీ ఉన్న బాధే. మీడియావికీలో దీనికి మందు ఉంది. 1కి ఇది, 2కి ఇది, 3కి ఇది అని అంకె వేసి విడివిడిగా రాసుకునే వీలిచ్చారు. ఇంగ్లిష్‌లో రెండు రూపాలే ఉన్నా తెలుగువాడు నాలుగు రాసుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్లు ఇలాంటి స్వేచ్ఛ కోసమే 'ఫ్లూయెంట్' అనే పద్ధతి తెచ్చారు. 2019లో దాని మొదటి పూర్తి రూపం వచ్చింది.

ఆడా మగా దగ్గర మాత్రం మనం అదృష్టవంతులం. రాశాడా రాసిందా అని తేల్చుకోలేకపోతే 'రాశారు' అంటే సరి. మర్యాదా దక్కుతుంది, చిక్కూ విడిపోతుంది. మరాఠీలో వచ్చాడు, వచ్చింది అనేవాటికి వేరువేరు రూపాలు కావాలి. ఒడియాలో క్రియకు ఈ గొడవే లేదు.

కంటికి కనబడని అక్షరం గురించి కూడా ఒక్క ముక్క చెప్పాలి. 'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు ట్ తర్వాత కంటికి కనబడని ఓ గుర్తు ఉంటుంది. అది ఉంటేనే రెండక్షరాలు విడిగా నిలబడతాయి. దిద్దేటప్పుడు పొరపాటున అది చెరిగితే 'సాఫ్ట్వేర్' అని ఒకదాని కింద ఒకటి ముద్దగా పడతాయి. దిద్దినవాడు తన తప్పు ఏమిటో తెలియక తల పట్టుకుంటాడు. హోసూర్‌లో, సోలాపూర్‌లో అని రాసేటప్పుడూ ఇంతే.

సేవ్ కాస్తా పబ్లిష్ అయ్యాక

ఒకసారి రాసేస్తే అయిపోయింది కదా అనుకుంటాం. అసలు పని అప్పుడే మొదలవుతుంది.

వికీపీడియాలో వ్యాసం రాశాక నొక్కే బటన్ మీద ఏళ్ల తరబడి 'సేవ్ పేజ్' అని ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లు అది తమ దగ్గర దాచుకునేదే అనుకునేవారు. నొక్కిన మరుక్షణం లోకమంతా చూస్తుందని తెలిసేది కాదు. దాంతో 2016లో వికీమీడియా ఫౌండేషన్ ఆ మాటను మార్చడం మొదలుపెట్టింది. కొత్త పేజీకి 'పబ్లిష్ పేజ్', ఉన్న పేజీలో మార్పులకు 'పబ్లిష్ ఛేంజెస్'. ఇంగ్లిష్‌లో రెండు మాటల మార్పు. ప్రతి భాషలోనూ ఎవరో ఒకరు కూర్చుని 'భద్రపరచు' లాంటి మాట తీసి 'ప్రచురించు' లాంటి మాట వేయాల్సి వచ్చింది. దిద్దకుండా వదిలేసిన భాషలో బటన్ ఒకటి చెబుతుంది, జరిగేది ఇంకోటి. మా అమ్మ 'సరే'కు అన్నగారన్నమాట.

ఇలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక సాయం చేస్తుంది. మూలం మారగానే అన్ని భాషల అనువాదాల మీదా 'ఫజ్జీ' అని ముద్ర వేస్తుంది. మసకబారింది, మళ్లీ చూడండి అని. మూలంలో ముందు ఏముండేదో, ఇప్పుడేముందో తేడా కూడా పక్కనే చూపిస్తుంది. కానీ మార్చాలా వద్దా అన్నది మనిషే తేల్చాలి. మన ఊళ్ల పేర్లే చూడండి. 2011లో ఒరిస్సా ఇంగ్లిష్ పేరు ఒడిశాగా మారింది. తెలుగులోనూ ఒరిస్సా తీసి ఒడిశా అని రాయాలి. 2014 నవంబర్ 1న మా ఊరి ఇంగ్లిష్ పేరు మారింది, 'బెల్లారీ' పోయి 'బళ్లారి' వచ్చింది. తెలుగులో మార్చడానికేముంది? మా తాతలు కూడా బళ్లారి అనే అన్నారు. 1953 అక్టోబర్ 1న ఊరు మైసూరు రాష్ట్రంలోకి వెళ్లినప్పుడూ బళ్లారే. యంత్రం మాత్రం రెంటి మీదా ఒకే ముద్ర వేస్తుంది. ఒకదాన్ని దిద్దాలి, రెండోదాన్ని చూసి 'బాగానే ఉంది' అని ముద్ర తీసేయాలి. ఈ రెండో పనికి ఎవరూ చప్పట్లు కొట్టరు. అది చేసేవాళ్లు లేకపోతే మాత్రం గడులన్నీ మసకే.

పక్క గడి చూసి రాస్తే..

అనువాదం చేసే తెర మీద ఇంకో సౌకర్యం ఉంది. ఇదే మాటను ఇతర భాషలవాళ్లు ఎలా రాశారో పక్కన చూపించమని అడగొచ్చు. నేను కన్నడం, మరాఠీ పెట్టుకున్నాను. ఇంగ్లిష్ అర్థం కాకపోతే కన్నడం చూస్తే చటుక్కున వెలుగుతుంది. రెండు భాషల నడుమ పెరిగినందుకు ఇన్నాళ్లకు దక్కిన లాభం ఇది.

అక్కడే గోతులు కూడా ఉన్నాయి. మన సరిహద్దు జనానికి ఇవి కొత్తవి కావు. బరంపురంలో ఆఫీసుకు పోతే 'ఆవేదన పత్ర' ఇవ్వమంటారు. ఒడియాలో, హిందీలో ఆవేదన అంటే దరఖాస్తు. తెలుగు గడిలో 'మీ ఆవేదన నమోదైంది' అని పడితే ఎలా ఉంటుంది? గుండె బరువు దింపుకున్నట్టుంటుంది. సోలాపూర్‌లో 'వ్యవసాయ్' అంటే వృత్తి, వ్యాపారం. ఫారంలో వృత్తి రాయాల్సిన చోట 'వ్యవసాయం' అని పెడితే మగ్గం నేసేవాడు ఏం నింపాలి? ఒడియాలో, హిందీలో 'శిక్ష' అంటే చదువు. మనకూ కన్నడిగులకూ మరాఠీలకూ అది దండనే. హిందీ 'అవకాశ్' సెలవు, మన 'అవకాశం' వేరు. హిందీ 'ఉపన్యాస్' నవల, మన ఉపన్యాసం ఎంతకీ తెమలనిది.

ఒకే మాట అక్షరాల్లో ఒకేలా ఉంటుంది, అర్థంలో జిల్లా దాటగానే మారిపోతుంది. హైదరాబాద్‌లో కూర్చున్న కుర్రాడికి ఈ తేడా తట్టకపోవచ్చు. రోజూ రెండు భాషల్లో ఫారాలు నింపే బరంపురం గుమస్తాకు తట్టకుండా ఉండదు. దరఖాస్తు అనాలా, అర్జీ అనాలా అన్నప్పుడు మాలాంటివాళ్లం అర్జీ వైపే చెయ్యెత్తుతాం. కన్నడంలోనూ అర్జీనే, మరాఠీలో అర్జ్. మాకు అది ఇంటి మాట. అయినా అన్ని చోట్లా దరఖాస్తే ఉంటే నేను దాన్ని మార్చను. ఒక్కో తెరలో ఒక్కో మాట ఉండటం అన్నిటికన్నా చేటు. ఒకే పనికి ఒకే మాట ఉండాలని అనువాదకులు పదాల పట్టిక పెట్టుకునేది అందుకే.

ఇప్పుడు యంత్రం కూడా పక్కన కూర్చుంటోంది. గూగుల్ అనువాదంలోకి తెలుగు 2011 జూన్‌లో కన్నడం, తమిళం, బెంగాలీ, గుజరాతీలతో కలిసి వచ్చింది. ఒడియా 2020లో చేరింది. కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి తెచ్చింది. చాలా అనువాద పేజీల్లో గడి తెరవగానే యంత్రం రాసిన వాక్యం తయారుగా ఉంటోంది. మనం చేయాల్సిందల్లా ఒప్పుకోవడమో, దిద్దడమో. పని తొందరగా అవుతుంది, కాదనను. పొడవాటి వాక్యాల్లో బాగానే రాస్తోంది. తడబడేది ఒంటిమాటల దగ్గరే. 'క్యాన్సిల్' అని ఒంటరిగా ఇస్తే అది మాత్రం ఏం చేస్తుంది? వాక్యం చదవడానికి బాగుంది కదా అని చూడకుండా ఒప్పేసుకోవడం ఈ రోజుల్లో పెద్ద జబ్బు.

మీరూ దిద్దొచ్చు

చదువు ఎక్కువ అక్కర్లేదు. ట్రాన్స్‌లేట్‌వికీలో ఖాతా తెరిస్తే కొత్తవాళ్లు ముందు కొన్ని మాటలు చేసి చూపించాలి. అవి చూసి లోపలికి అనుమతిస్తారు. తర్వాత తెలుగు ఎంచుకుని, ఖాళీ గడులు గానీ మసకబారిన గడులు గానీ తెరుచుకోవచ్చు. రాయడం రానివాళ్లు ఇతరులు రాసినవి చదివి, బాగుంటే బాగుందని ఒప్పుకోవచ్చు. అదీ పనే. మీరు దిద్దిన మాట కొద్ది రోజుల్లో వికీపీడియా తెర మీద కనిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ మాటలకు పాంటూన్ అనే చోటుంది, అక్కడ మీరు సూచిస్తే ఇంకొకరు చూసి ఖాయం చేస్తారు. ఇంకా చాలా సాఫ్ట్‌వేర్లకు వెబ్‌లేట్ అనేది వాడతారు. అన్నిటిలోనూ పద్ధతి ఇంచుమించు ఇదే.

మరి ప్రైవేటు కంపెనీల వెబ్‌సైట్లో? గడి మనకు తెరవరు. ఫిర్యాదు పెట్టెలో రాయడం ఒక్కటే దారి. రాసేటప్పుడు 'మీ తెలుగు బాగోలేదు' అని రాస్తే లాభం లేదు. తెర ఫొటో తీసి, ఏ మాట ఉంది, ఏ మాట ఉండాలి, ఎందుకు అని మూడు ముక్కల్లో రాయాలి. తెలుగు రాని ఉద్యోగి కూడా దాన్ని తీసుకెళ్లి గడిలో అతికించేలా ఉండాలి.

నేనూ అలాగే రాశాను. 'రద్దు' అన్న చోట 'టికెట్ ఉంచు' అనీ, 'సరే' అన్న చోట 'టికెట్ రద్దు చేయి' అనీ పెట్టమని. అమ్మ టికెట్ సంగతి కూడా చేర్చాను. సూచనకు ధన్యవాదాలు అని జవాబొచ్చింది. నాలుగు నెలలు ఏ చప్పుడూ లేదు. మొన్న దసరాకు ఊరికి టికెట్ తీస్తూ ఆ పెట్టె మళ్లీ తెరిచి చూశాను. నిజంగానే మార్చారు! 'రద్దు' అలాగే ఉంది. 'సరే' పోయి, 'కొనసాగించు' వచ్చింది.

అమ్మకు చూపించాను. కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది.

"ఏం కొనసాగించాలి నాయనా, ప్రయాణమా, రద్దా?"

ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు రాసి, తెర ఫొటో జతచేసి మళ్లీ పంపాను. అమ్మ ఫోన్‌లో ఇంకా కన్నడమే ఉంది.